నెలలు నిండని పుట్టుక

ఏడవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకుననియు, ఎనిమిదవ నెలలో పుట్టిన బిడ్డ దక్కదనియు మన పల్లెలలోని పెద్దముత్తైదువలు నేటికిని చెప్పుచుందురు. ఈ నమ్మకము మన ఊళ్ళకే పరిమితమైనది కాదు. ఎనిమిదవ మాసమున ఓజస్సు తల్లినుండి గర్భమునకును, గర్భమునుండి తల్లికిని మాటిమాటికి సంచరించుచుండుననియు, అందువలన ఆ మాసమున జరిగిన ప్రసవము శిశువునకు ప్రమాదకరమనియు చరకసంహిత శారీరస్థానమున చెప్పబడినది; గ్రీకు దేశమున హిపోక్రటీస్ పేర చెలామణియైన గ్రంథములలోను ఎనిమిది నెలల శిశువును గూర్చి ప్రత్యేకముగా ఒక రచన కలదు. ఇంతమంది పెద్దలు ఇన్ని శతాబ్దములు విశ్వసించిన ఈ మాటను ఆధునిక వైద్యశాస్త్రము సందేహమునకు తావు లేకుండ త్రోసివేసినది. గర్భమున గడపిన ప్రతి వారమును శిశువునకు లాభమే. ఏడవ నెలకంటె ఎనిమిదవ నెల మేలు, దానికంటె తొమ్మిదవ నెల మేలు. ఈ సంగతిని అన్నిటికంటె ముందు చెప్పుటకు కారణము కలదు. ‘ఏడవ నెల బిడ్డ కదా, ఏమియు కాదు’ అను ధైర్యముతో, నొప్పులు మొదలైన తల్లిని తెల్లవారువఱకు ఇంటనే ఉంచుకొనిన కుటుంబములు కలవు. ఆ ఒక్క రాత్రిలో శిశువునకు చేయదగిన వైద్యములో అత్యంత విలువైన భాగము చేజాఱిపోవునని వారికి చెప్పినవారు లేరు.

40 వారములు పూర్ణగర్భకాలము. 37 వారములు నిండకముందు కలిగిన పుట్టుకను అకాలజననమందురు. 2020వ సంవత్సరమున ప్రపంచమున సుమారు 1 కోటి 34 లక్షల శిశువులు ఇట్లు ముందుగా పుట్టిరనియు, వారిలో 30 లక్షలమంది భారతదేశముననే పుట్టిరనియు అంచనా. వీరిలో అధికసంఖ్యాకులు గడువునకు కొలది వారములు ముందు వచ్చినవారు; కొంచెము వెచ్చదనము, కొంచెము పాలు, కొంచెము జాగ్రత్త లభించినచో నిలిచెడివారు. 28 వారములైనను నిండకముందు పుట్టువారు నూటికి నలుగురైదుగురు మాత్రమే. ఈ ప్రకరణము ఆ కొలదిమందిని గూర్చినది. 24 వారముల శిశువు 600 గ్రాములకు కొంచెము ఎక్కువగా తూగును, 28 వారముల శిశువు సుమారు కిలో. సంపన్నదేశములలో ఇట్టి శిశువులు పదింట ఒకరికంటె తక్కువగా మరణింతురనియు, నిరుపేద దేశములలో పదింట తొమ్మిదిమందికి పైగా తొలి కొద్దిదినములలోనే మరణింతురనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది. రెండు చోట్లను శిశుదేహము ఒక్కటే. పుట్టిన చోటు వేఱు.

మన చోటు ఓరుగల్లు, నేటి వరంగల్లు. ఓరుగంటి ప్రభుత్వమునకు ప్రసూతివైద్యమునందలి శ్రద్ధ నిన్న మొన్నటిది కాదు. రుద్రమదేవి పాలనాకాలమున, 1261వ సంవత్సరమున, కృష్ణాతీరమునందలి మల్కాపురమున వేయబడిన శాసనమున ఒక ప్రసూతిశాలకును, ఒక ఆరోగ్యశాలకును గ్రామాదాయములో భాగము కేటాయింపబడినట్లు వ్రాయబడియున్నది. నేటి వరంగల్లున ప్రభుత్వప్రసవములకు పేరుపడినవి చందా కాంతయ్య స్మారక ప్రసూతి వైద్యశాలయు, హన్మకొండ ప్రసూతి వైద్యశాలయు. మొదటిదానిని ప్రజలు సీకేఎం అని పిలిచెదరు. జబ్బుపడిన పిల్లలకు పెద్దదిక్కు ఎం.జి.ఎం. ఆసుపత్రి. 1959లో స్థాపితమైన కాకతీయ వైద్యకళాశాల విద్యార్థులు తరతరములుగా ఈ వైద్యశాలలలోనే పురుడు పోయుట నేర్చుకొనుచున్నారు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాదు, జనగామ ప్రాంతముల తల్లులు కష్టకాలమున ఇచ్చటికే వత్తురు. గోదావరి ఒడ్డుననున్న ఏటూరునాగారము ఇచ్చటికి సుమారు 100 కిలోమీటర్లు. మంగపేట, తాడ్వాయి అడవిదారులు వానకాలమున ఎట్లుండునో ఆ దారిన పోయినవారికి తెలియును.

ఈ నూఱు కిలోమీటర్ల దారియే మన విషయమునకు ఆయువుపట్టు. అడవిపల్లెలో 26 వారములకు నొప్పులు వచ్చిన తల్లిని ప్రసవమునకు ముందే వరంగల్లు చేర్చినచో బిడ్డ ఒక విధముగా పుట్టును; పల్లెలోనే ప్రసవించిన పిదప బిడ్డను గుడ్డలలో చుట్టి తెచ్చినచో అదే బిడ్డ మఱియొక విధమైన బిడ్డయగును. దీనికి కారణము శిశువు మెదడు నిర్మాణమున ఉన్నది. ఈ వయసున మెదడు లోపలి కుహరముల గోడల వెంట, క్రొత్త కణములు పుట్టుచోట, అతిసున్నితమైన రక్తనాళముల వల యొకటి ఉండును. గడువు దగ్గఱపడుకొలది అది దానంతట అదియే కరగిపోవును. ముందుగా పుట్టిన శిశువున రక్తపుపోటు కొంచెము హెచ్చినను తగ్గినను, ఊపిరి నిలిచినను, దేహము చల్లబడినను, దారిలో కుదుపులు తగిలినను ఆ నాళములు చిట్లి మెదడున రక్తము చిమ్మును. ఈ ప్రమాదమున అధికభాగము తొలి మూడు దినములలోనే జరుగును. కావున శిశువును మోయుటకు తల్లిగర్భమును మించిన వాహనము లేదు. నొప్పులు తొలగిపోయి తల్లి వట్టిచేతులతో తిరిగి ఇంటికి పోయినను ఆ ప్రయాణము వృథా కాదు. 108 వాహనములు 2005నుండి మన రోడ్లమీద తిరుగుచున్నవి, గర్భిణుల కొఱకే తెలంగాణమున 102 ‘అమ్మ ఒడి’ వాహనములు ఏర్పడినవి; వానిని పిలుచు వేళ ఏదియో తెలియుటయే మిగిలినది. ఉమ్మనీరు కారుట, నడుము నొప్పి వచ్చుచు పోవుచు క్రమముగా దగ్గఱపడుట, ఎఱ్ఱ కనబడుట: నెలలు నిండకముందు వీనిలో ఏ ఒక్కటి కనబడినను అదియే ఆ వేళ.

ఇంత తొందర దేనికని అడుగవచ్చును. ఊపిరితిత్తుల కొఱకు. గర్భమునందు శిశువునకు ప్రాణవాయువు మాయద్వారా తల్లి రక్తమునుండి వచ్చును. ఊపిరితిత్తులు ద్రవముతో నిండియుండును. పుట్టిన తొలిక్షణమున ఆ ద్రవము తొలగి, గాలిగదులు విచ్చుకొని, ఊపిరి విడిచిన పిదపగూడ కొంతవఱకు విచ్చుకొనియే నిలువవలెను. తడిసిన పలుచని పట్టుగుడ్డ పొరలవలె ఆ గదుల గోడలు ఒకదానినొకటి అంటుకొని పోకుండ, వాని లోపలి తడిపొర బిగువును తగ్గించు ఒక పదార్థమును ఊపిరితిత్తులే తయారుచేసికొనును. దాని పేరు సర్ఫాక్టెంట్. దానిని చేయు కణములు 24వ వారము ప్రాంతమున కనబడ నారంభించును. తగినంత నిలువ చేరుసరికి 34, 35 వారములగును. అది లేని శిశువు ప్రతి శ్వాసను మొదటి శ్వాసయంత కష్టముతో తీయవలెను; కొన్ని గంటలలో అలసిపోవును.

1963 ఆగస్టు 7న అమెరికా అధ్యక్షుడు జాన్ కెనడీకి అయిదున్నర వారములు ముందుగా ఒక కుమారుడు కలిగెను. బిడ్డ బరువు రెండు కిలోలకు పైమాటయే. ఆ దేశపు ఉత్తమ వైద్యులందఱు చుట్టునుండగా, అధిక పీడనముతో ప్రాణవాయువు నింపిన గదిలో నుంచినను, 39 గంటలకు ఆ శిశువు ఊపిరి ఆగెను. అంతటి బిడ్డ నేడు వరంగల్లున పుట్టినచో అతనిని గూర్చి ఒక పుస్తకమున వ్రాయవలసినంత విశేషమేమియు ఉండదు. అప్పటికి నాలుగేండ్లకు ముందే, 1959లో, మేరీ ఎలెన్ ఏవరీ, జెరె మీడ్ అను పరిశోధకులు ఇట్లు మరణించిన శిశువుల ఊపిరితిత్తులలో సర్ఫాక్టెంట్ లేదని తేల్చియుండిరి. కారణము తెలిసినది, ఉపాయము తెలియలేదు.

ఉపాయము గొఱ్ఱెపిల్లలనుండి వచ్చినది. న్యూజిలాండు దేశమున ఆక్లండు నగరమున మాంట్ లిగిన్స్ అను ప్రసూతివైద్యుడు నొప్పులు ఎందువలన మొదలగునో తెలిసికొనగోరి, గర్భస్థ గొఱ్ఱెపిల్లలకు కార్టిసోల్ జాతి హార్మోనుల నిచ్చి పరీక్షించుచుండెను. ఆ వయసున పుట్టిన పిల్ల క్షణకాలమైనను బ్రతుకరాదు. అట్టిది ఒకటి ఊపిరి తీయుచు కనబడెను. దాని ఊపిరితిత్తులు కొంతవఱకు విచ్చుకొనియుండెను. తాను వెదకుచున్నది వేఱైనను, కనబడిన దానిని ఆయన నిర్లక్ష్యము చేయలేదు. వైద్యచరిత్రలో నేను మిక్కిలి గౌరవించు ఘట్టములలో ఇది యొకటి. రాస్ హౌయీ అను శిశువైద్యునితో కలిసి 282 మంది తల్లులపై చేసిన పరీక్షాఫలితమును 1972లో ఆయన ప్రకటించెను. అనుకోకుండ నొప్పులు వచ్చిన తల్లులలో, ఆ జాతి హార్మోను మందు అందని వారి శిశువులు తొలిదినములలో నూటికి 15 మంది మరణింపగా, మందు అందినవారి శిశువులు నూటికి ముగ్గురు మాత్రమే మరణించిరి. ఇంతటి స్పష్టమైన ఫలితము వెలువడిన పిదపగూడ వైద్యప్రపంచము రెండు దశాబ్దముల కాలము సందేహించుచు కూర్చుండెను. 1994లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలు గట్టిగా చెప్పినగాని ఈ వైద్యము వాడుకకు రాలేదు. ఆ ఇరువదేండ్లలో పుట్టిన శిశువుల మాట తలచుకొనినప్పుడు మనస్సు కలతపడును.

నేడు మనదేశమున వాడునది డెక్సామెథసోన్ ఇంజెక్షను. కొలది రూపాయల మందు. 24 నుండి 34 వారముల నడుమ ముందుగా ప్రసవమగు సూచనలున్న తల్లికి 6 మిల్లీగ్రాముల చొప్పున, 12 గంటల కొకసారి, నాలుగు మోతాదులు. 2014లో కేంద్రప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములననుసరించి, తల్లిని పెద్దాసుపత్రికి పంపకముందు మొదటి మోతాదును ఏ.ఎన్.ఎం. సోదరియే ఈయవచ్చును. తాడ్వాయి ఉపకేంద్రమున పొడిచిన సూది, ఆ తల్లి వరంగల్లు చేరులోపలనే గర్భమునందలి ఊపిరితిత్తులకు పని చెప్పుట ఆరంభించును. దాని పూర్ణప్రయోజనము ఒకటి రెండు దినములకు కలుగును; అంత వ్యవధి లేకున్నను మొదటి మోతాదు వ్యర్థము కాదు. ఊపిరితిత్తులకే గాక, పైన చెప్పిన మెదడు రక్తస్రావమునకును ఇది అడ్డుపడును. మెదడు రక్షణకు మెగ్నీషియం సల్ఫేటు అను మఱియొక మందుకూడ ప్రసవము సమీపించినప్పుడు తల్లికి ఇత్తురు.

అయినను ఈ మందును చూచినవారికెల్ల పంచిపెట్టరాదు. 2015లో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ఆఱు దేశముల గ్రామప్రాంతములలో, మన నాగపూరు, బెళగావి ప్రాంతములతోసహా, జరిగినది. నెలలు సరిగా తెలియని చోట ఈ సూదిని విరివిగా వాడగా, దానిని పొందినవారిలో పెక్కుమంది నిండునెలలకే ప్రసవించిరి. మొత్తముమీద శిశుమరణములు తగ్గుటకు మాఱుగా కొంత పెరిగినవి. ఆ పిదప ప్రపంచ ఆరోగ్యసంస్థ అయిదు దేశముల ఆసుపత్రులలో, స్కానింగుతో నెలలు నిర్ణయించి, శిశువునకు కనీసవైద్యము లభించుచోట మాత్రమే, 2852 మంది తల్లులపై మఱల పరీక్షించెను. 2020లో ప్రకటితమైన ఆ ఫలితమున శిశుమరణములు నూటికి 23.5 నుండి 19.6కు తగ్గినవి. ఈ రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, మందుకంటె ముందు కావలసినది నెలల లెక్కయని తెలియును. మన తల్లులు నెలలను పండుగలతో లెక్కింతురు. ‘బతుకమ్మ పండుగయినంక నెల తప్పింది’ అని చెప్పు ఇల్లాలి మాటలో అసత్యము లేదు. కాని ఆ ‘అయినంక’ అనుదానిలో ఒక వారముండవచ్చును, నాలుగు వారములుండవచ్చును. 24 వారములకును 28 వారములకును నడుమ ఉన్న నాలుగు వారములు జీవన్మరణముల నడుమ ఉన్న దూరము. మొదటి మూడు నెలలలో చేసిన స్కానింగు అయిదాఱు దినముల తేడాలో వయసును చెప్పును; చివరి నెలలలో చేసినది మూడు వారములవఱకు తప్పవచ్చును. ఆశా కార్యకర్త మూడవ నెలలోనే ఇంటి గడపకు వచ్చి పేరు వ్రాసికొని స్కానింగునకు పొమ్మని తొందరపెట్టునప్పుడు, ఆమె అడుగుచున్నది ఎంతటి విలువైన కాగితమో ఆ ఇంటివారికి తెలిసినచో విసుగుకొనరు.

తల్లి సకాలమునకు వచ్చినది, సూదియు పడినది. ఇప్పుడు వైద్యునికి తప్పించుకొనరాని సంభాషణ యొకటి ఎదురగును. “సారూ, మా బిడ్డ బత్కుతదా?” అని తండ్రి అడుగును. నిజమైన సమాధానము నెలలనుబట్టి మాఱును. అమెరికాలోని పెద్ద పరిశోధనాసుపత్రుల లెక్కలలో 2013–2018 నడుమ, 28 వారములకు పుట్టినవారు నూటికి 94 మంది బ్రతికి ఇంటికి పోయిరి. 22 వారములకు పుట్టి పూర్తివైద్యము పొందినవారిలో 30 మంది మాత్రమే. హైదరాబాదున ఒక పెద్ద పిల్లల ఆసుపత్రిలో 2018లో 25 వారములకు 375 గ్రాముల బరువుతో పుట్టిన ఆడశిశువు నెలల తరబడి వైద్యముతో బ్రతికి ఇల్లు చేరినది. ఇట్టి వార్తలు ఆశను కలిగించుట మంచిదే. కాని ఒక బిడ్డ బ్రతుకుట ఒక కథ, నూఱుమందిలో ఎంతమంది బ్రతుకుదురనునది శాస్త్రము. తండ్రికి రెండును చెప్పవలెను. బ్రతికినవారిలో కొందఱికి చూపు, వినికిడి, నడక, బుద్ధివికాసములలో లోటు కలుగవచ్చుననియు చెప్పవలెను. 22 నుండి 25 వారముల నడుమ అన్ని దేశములకును ఒకే నియమము లేదు. యంత్రములు, నర్సులు, కుటుంబపు శక్తి, తల్లిదండ్రుల మనస్సు, అన్నియు కలిసి నిర్ణయమగును. నా అభిప్రాయమున వైద్యుడు ఆ బరువును వారిమీదనే వేసి తొలగిపోరాదు, వారిని కాదని తానే తేల్చివేయనురాదు. భూమి అమ్మియైనను వైద్యము చేయింతుమను తండ్రికి ఆ భూమి దేనిని కొనగలదో, దేనిని కొనలేదో నిష్కపటముగా చెప్పుట వైద్యధర్మము. యంత్రములు వలదని నిర్ణయించినచోగూడ వైద్యము ముగియదు. బాధలేకుండ, వెచ్చగా, తల్లి ఒడిలో ఉంచుటయు వైద్యమే. మఱియొక మాట. ఆడపిల్లయని తెలిసిన పిదప ఉత్సాహము తగ్గిన ఇండ్లు ఇంకను కలవు. ఒకే వయసున పుట్టిన వారిలో మగశిశువుకంటె ఆడశిశువు నిలుచు అవకాశమే అధికమని ఆ ఇండ్లలో బిగ్గఱగా చెప్పవలెను.

ప్రసవమైన తొలినిమిషములలో చేయు పనులు చూచుటకు అతిసామాన్యములు. చరకుడు ఊపిరి తీయని శిశువు చెవిదగ్గఱ రాళ్ళు తాటించి, ముఖమున నీరు చిలికి, చేటతో విసరుమని చెప్పెను. ఆ కాలమునకు అది మిక్కిలి శ్రద్ధతో కూడిన ఉపాయము. నేడు చేయునది వేఱు. ఊపిరి తీయుచున్న శిశువైనచో బొడ్డుతాడును వెంటనే కోయక, కనీసము ఒక నిమిషము ఆగుదురు. ఇంతటి శిశువునకు కిలోకు 80, 90 మిల్లీలీటర్ల చొప్పున ఉండు రక్తము మొత్తము ఒక చిన్నగ్లాసునైనను నిండదు, మాయనుండి వచ్చు ప్రతి చుక్కయు దానికి భాగ్యమే. పిదప తడి తుడువకయే మెడవఱకు శుభ్రమైన ప్లాస్టిక్ సంచిలో ఉంచి వేడిదీపము క్రింద పెట్టుదురు. రోహిణికార్తె ఎండలో, వరంగల్లు కోట రాళ్ళు నిప్పులు చెఱుగు మధ్యాహ్నమునగూడ ఈ శిశువు చల్లబడును. దాని చర్మమునకు పైపొర ఇంకను ఏర్పడలేదు, ఒంటిమీది తడి ఆవిరియగుచు వేడిని లాగికొనిపోవును. దేహోష్ణము 36.5 నుండి 37.5 డిగ్రీల నడుమ నిలుపుట తొలి గంటలోని ప్రధానకార్యము. పుట్టగనే స్నానము చేయించు ఆచారము, సాంబ్రాణిపొగ వేయు ఆచారము ఇట్టి శిశువునకు ప్రాణాంతకములు. ఊపిరికి సాయముగా ముక్కునుండి ఎడతెగని మెల్లని ఒత్తిడితో గాలిని పంపుదురు. 1971లో గ్రెగరీ అను వైద్యుడు ప్రవేశపెట్టిన ఈ సీపాప్ పద్ధతితోనే పెక్కుమంది వెంటిలేటరు అక్కఱలేకుండ గట్టెక్కుదురు. చాలనివారికి సర్ఫాక్టెంటునే గొట్టముద్వారా ఊపిరితిత్తులలో పోయుదురు; 1980లో జపాను దేశమున ఫుజివారా మొదట పదిమంది శిశువులకు ఇచ్చి చూపిన వైద్యమిది.

ప్రాణవాయువు విషయమున మాత్రము వైద్యలోకము ఘోరమైన మూల్యము చెల్లించినది. 1940లలో, 50లలో ఇంక్యుబేటర్లను ప్రాణవాయువుతో నింపగా వేలాది శిశువులు గ్రుడ్డివారైరి. దాని అధికమోతాదు కంటి వెనుకపొరలోని క్రొత్త రక్తనాళముల పెరుగుదలను చెఱచునని 1950లలో తెలిసినది. వెంటనే దానిని అందఱికిని తగ్గింపగా, కాపాడిన ఒక్కొక్క చూపునకు పదునాఱుగురు శిశువులు ప్రాణములు కోల్పోయియుందురని తరువాత ఒక వైద్యుడు లెక్కగట్టెను. నేడు వ్రేలికో పాదమునకో తగిలించిన ఆక్సిమీటరు చూచి, రక్తములోని ప్రాణవాయువు శాతమును 90 నుండి 95 నడుమ నిలుపుచు నడుచుచున్నారు. అయినను కన్ను చూపించుట తప్పదు. మన రాష్ట్రమున ఎల్.వి. ప్రసాద్ నేత్రవిజ్ఞాన సంస్థ 1990ల చివరనుండి నవజాతశిశువుల పడకలయొద్దకే పోయి ఈ పరీక్షలు చేయుచు దేశమునకు దారి చూపినది. 34 వారములలోపు, లేక 2 కిలోలలోపు పుట్టిన ప్రతి శిశువునకు 30 దినములలోపల, 28 వారములలోపు వారికి రెండు మూడు వారములకే, రెటీనా పరీక్ష జరుగవలెను. సకాలమున లేజరు చేసినచో చూపు నిలుచును. ఆలస్యమైనచో మఱి రాదు.

యంత్రముల వంతు ముగిసిన చోట తల్లి వంతు మొదలగును; నిజమునకు అది మొదటినుండియు ఉన్నదే. ఈ శిశువు ప్రేగులు పోతపాలను ఓర్వలేవు, చీముపట్టి చివికిపోవు ప్రమాదమున్నది. తల్లి ముఱ్ఱుపాలు చుక్కచుక్కగా నోట అంటించినను అవి మందు. తేనె, ఉగ్గు, పంచదారనీళ్ళు తాకరాదు. తల్లికి పాలు పడనిచో మఱియొక తల్లి దానము చేసిన పాలు మేలు. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో ‘ధాత్రి’ పాలబ్యాంకు ఇందులకే ఏర్పడినది. ఇక చర్మస్పర్శ. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గర్ రే, హెక్టర్ మార్టినెజ్ అను వైద్యులు బిడ్డలను తల్లుల రొమ్ములకు కట్టియుంచిరి. లేమినుండి పుట్టిన ఈ కంగారూ పద్ధతియే మేలైనదని 2021లో ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితోసహా అయిదు దేశములలో జరిగిన పరీక్షలో తేలినది: కిలోనుండి 1.8 కిలోలలోపు శిశువులను, స్థిరపడువఱకు ఆగక, పుట్టినవెంటనే తల్లి ఎదకు చేర్చినందువలన మరణములు నాల్గవవంతు తగ్గినవి. ఇందుకొఱకు తల్లి పడక శిశువిభాగములోనికే రావలెను. తల్లి అలసినప్పుడు తండ్రియు, అమ్మమ్మయు, నాయనమ్మయు అదే పని చేయవచ్చును.

ఇల్లు చేరిన బిడ్డకు రెండు వయసులుండును. టీకాలు పుట్టినతేదీనిబట్టి, ఆలస్యము చేయక వేయింపవలెను. మెడ నిలుపుట, బోర్లపడుట, అడుగులు వేయుట మాత్రము ప్రసవము కావలసియుండిన తేదీనుండి లెక్కింపవలెను; 26 వారములకు పుట్టిన బిడ్డ ఆఱవ నెలలో ఇంకను మూడు నెలల పాపయే. రెండేండ్లు నిండువఱకు ఈ లెక్కను విడువక, వినికిడి పరీక్షకును, ఎదుగుదల పరీక్షకును తేదీలు వ్రాసిన చీటీని టీకాల కార్డుతోబాటు భద్రపఱచుకొని, ఆ తేదీలకు బిడ్డను తీసికొనిపోవలెను.